మంత్రం ఎక్కడ ఆగుతుంది?

వానను ఆపగల మాంత్రికుడొకాయన కొండదారిలో వానకు చిక్కుతాడు. వెంట కొత్తగా చేరిన శిష్యుడు, ఇంకా మీసం రాని కుర్రాడు. గురువు ఒక్క మాట అంటే మబ్బు తొలగిపోతుందని ఆ కుర్రాడికి తెలుసు. వాళ్ల దీవిలో చిన్నాచితకా మంత్రగాళ్లు కూడా చేసే పనే అది. గురువు ఏమీ అనడు. దట్టమైన చెట్టొకటి చూసుకుని దాని కింద పడుకుంటాడు. కుర్రాడు తడి పొదల్లో ముడుచుకుని, ఇంత శక్తి ఉండీ వాడుకోకపోతే ఎందుకని లోలోపల ఉడికిపోతాడు.

ఉర్సులా లే గ్విన్ 1968లో ప్రచురించిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవలలోని ఘట్టమిది. గురువు పేరు ఓజియన్, శిష్యుడు గెడ్. కథలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఈ నవల చదివాను. అందులో డ్రాగన్లున్నాయి, మంత్రవిద్య నేర్పే దీవి ఉంది, నీడతో పోరాటం ఉంది. అవన్నీ బాగున్నాయి. కానీ ఆ లోకం నాకు నిజమైపోయింది మాత్రం ఆ వానరాత్రి దగ్గరే.

ఎర్త్‌సీ అంటే సముద్రం నిండా చిన్నా పెద్దా దీవులు. అక్కడ మంత్రం పారాలంటే ప్రతి వస్తువుకూ ఉన్న అసలు పేరు తెలియాలి. తెలిసింది కదా అని వాడేయడానికి లేదు. ఒక దీవి మీద మంత్రంతో కురిపించిన వాన మరో దీవికి కరువు కావచ్చు. గులకరాయిని నిజంగానే రత్నం చేసేస్తే లోకమే ఆ మేరకు మారిపోతుంది. అక్కడి గురువులు శిష్యులకు ముందుగా నేర్పేది ఈ జంకునే. అందుకే విద్య పూర్తిగా వచ్చినవాడు తడుస్తాడు. సగం వచ్చినవాడు మబ్బును పక్క ఊరి మీదికి తోసేస్తాడు. ఇది తెలిశాక ఆ దీవుల్లో ప్రతి మంత్రానికీ ఒక బరువు వస్తుంది. ఎవరైనా పెదవి కదిపితే చాలు, దీని ఫలితం ఎవరి మీద పడుతుందోనని పాఠకుడు కంగారు పడతాడు.

అప్పటి నుంచి ఏ కల్పిత లోకంలో అడుగుపెట్టినా నేను మొదట వెతికేది ఒక్కటే. ఇక్కడ ఏ పని కుదరదు?

‘బాహుబలి’ తర్వాత, మరీ ముఖ్యంగా ‘కల్కి 2898 ఎ.డి.’ తర్వాత, ఫాంటసీ నవల రాస్తున్నామంటూ కుర్రకారు తమ రాతప్రతులు పంపుతున్నారు. వైజాగ్ నుంచి, వరంగల్ నుంచి వస్తుంటాయి. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని తెలుగులో రాస్తున్నవాళ్లూ ఉన్నారు. తెరవగానే రంగుల్లో గీసిన పటం ఉంటుంది. రాజ్యాలు, వాటి జెండాలు, తాతముత్తాతల వంశవృక్షం, ప్రతి కత్తికీ ఒక పేరు. ఆ శ్రమ చూస్తే ముచ్చటేస్తుంది. అడిగినవాడు లేకపోయినా, ఇచ్చేవాడు లేకపోయినా ఒక మనిషి ఇంత లోకాన్ని తలలో మోస్తున్నాడంటే అది చిన్న సంగతి కాదు. కానీ కొన్ని అధ్యాయాలు గడిచేసరికి కథానాయకుడు శత్రువుల మధ్య ఇరుక్కుంటాడు, చేతులు పైకెత్తుతాడు, అప్పటిదాకా ఎవరూ ప్రస్తావించని వెలుగు ఒకటి వచ్చి అందర్నీ కూల్చేస్తుంది. నా చదువు సడలేది అక్కడే. ఆ వెలుగు ఎప్పుడైనా రాగలదంటే ఇక ఏ పేజీలోనూ ప్రమాదం లేనట్టే.

పాఠకుడు నమ్మడానికి సిద్ధపడే వస్తాడు. గుర్రం ఎగురుతుందంటే ఎగరనీ అంటాడు. మొన్న ఏరు దాటలేక ఆగిన గుర్రం ఇవాళ సముద్రం దాటితే మాత్రం ఊరుకోడు.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథల గురించి ప్రసంగించారు. తర్వాత వ్యాసంగా అచ్చయిన ఆ ప్రసంగంలో ఆకుపచ్చ సూర్యుడి ప్రస్తావన ఉంది. ఆకుపచ్చ సూర్యుడు అని ఎవరైనా అనేయగలరు, ఆ సూర్యుణ్ణి నమ్మించే లోకం కట్టడానికి మాత్రం చాలా శ్రమ కావాలంటారాయన. ఈ మాట మీద నేను ఎన్నిసార్లు ఆగిపోయానో. నిజంగానే ఆకుపచ్చ వెలుగు పడే చోట పండిన మిరపకాయ ఏ రంగులో ఉంటుంది? నల్లగా ఉంటుంది. నెత్తురూ నల్లగానే కనబడుతుంది. అలాంటి చోట కుంకుమకు ఏం విలువ? యుద్ధంలో గాయపడినవాణ్ణి, బురదలో పడి లేచినవాణ్ణి ఎలా వేరుచేసి చూస్తారు? సూర్యుడి రంగు చెప్పడం ఒక్క వాక్యం పని. ఆ రంగు జనం బతుకుల్లో ఎంతదూరం పాకిందో కనుక్కోవడం ఏళ్ల పని.

టోల్కీన్ తన మాటకు తాను కట్టుబడ్డారు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాస్తున్న కాలంలో, 1944లో, కొడుకు క్రిస్టఫర్‌కు రాసిన ఉత్తరంలో చంద్రుడి గురించి వాపోయారు. కథలో పాత్రలు తలో దారిన విడిపోయి నడుస్తుంటే, ఆయా రాత్రుల్లో చంద్రుడి ఉదయాస్తమయాలు పొంతన లేకుండా వచ్చాయట. అవి సరిపడేలా అధ్యాయాలు మళ్లీ దిద్దారు. ఆ పుస్తకం చదివినవాళ్లలో చంద్రుణ్ణి లెక్కపెట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు? అయినా దిద్దారు. ఇద్దరు మిత్రులు ఎక్కడెక్కడో ఉండి ఒకే రాత్రి ఒకే చంద్రుణ్ణి చూస్తున్నారన్న నమ్మకం ఆ కథకు అడుగున ఉంది. లెక్క తెలియని పాఠకుడికీ అది అందుతుంది.

ఈ పట్టింపు పడమటివాళ్ల సొత్తు కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. శశిరేఖ అసలు వ్యాసభారతంలో లేనే లేదు. మన జానపదులు, నాటకాలవాళ్లు అల్లుకున్న పెళ్లికథ అది. ఆ సినిమాలో ఉన్న పెద్ద మాయ ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చడం. దానికి ఒక కట్టుబాటు ఉంది. రూపం మారుతుంది, గుణం మారదు. ఈ సూత్రాన్ని సావిత్రి తన ఒంటితో చెబుతారు. శశిరేఖ నడుస్తూ నడుస్తూ ఒక్క క్షణం రాక్షసుడిలా అడుగేస్తుంది, కనుబొమ ఎగరేస్తుంది, భుజాలు విరుస్తుంది. పాట మధ్యలో పి. సుశీల గొంతులోంచి ఘంటసాల గొంతు పొడుచుకొస్తుంది. పెళ్లిపీటల మీద ఆ లేతకాలు నొక్కితే లక్ష్మణకుమారుడికి ప్రాణం పోయినంత పనవుతుంది. ఎంత ముగ్ధగా కూర్చున్నా ఆ కాలిలో ఉన్నది ఘటోత్కచుడి బలమే మరి. ఆ సినిమాలో మనం నవ్విన నవ్వుల్లో సగం ఈ కట్టుబాటులోంచి వచ్చినవే. గుణం కూడా మారిపోయే మాయ అయితే అక్కడ ఇద్దరు శశిరేఖలు ఉంటారు, నవ్వు ఉండదు.

సత్యపీఠం సంగతీ అంతే. దాని మీద నిలబడ్డవాడు నిజమే చెబుతాడని కథ మొదట్లోనే మనకు చూపించేస్తారు. చివరికి శకుని దాని మీదికి ఎక్కే సరికి ఏం జరగబోతోందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. తెలిసే ఆనందిస్తాడు. అంతకు ఆరేళ్ల ముందు వచ్చిన ‘పాతాళభైరవి’లో ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. తోట రాముడు మంచివాడని దానికి పట్టింపు లేదు, నేపాళ మాంత్రికుడు దుర్మార్గుడని కోపం లేదు. చేతులు మారితే మేడలు మాయమవుతాయి. పక్షపాతం లేని శక్తి కాబట్టే అది అంత భయం పుట్టించింది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటి సీరియళ్లనూ ఇక్కడ తలచుకోవాలి. నెలకోసారి కాసిని పేజీలు, పక్కన చిత్రా బొమ్మలు. మళ్లీ సంచిక వచ్చేదాకా పిల్లలు ప్రతి వివరాన్నీ తలలో తిప్పుకుంటూ ఉండేవాళ్లు. అలాంటి పాఠకుల ముందు మాట తప్పడం అంత తేలిక కాదు.

ఇక నేను ఎక్కువ ప్రేమించే లోకం దగ్గరికి వస్తాను. దాని పేరు మెస్‌క్లిన్. సృష్టించినవాడు హాల్ క్లెమెంట్, అసలు పేరు హ్యారీ క్లెమెంట్ స్టబ్స్. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం నడిపి, తర్వాత మసాచుసెట్స్‌లో బడిపిల్లలకు సైన్సు చెప్పుకున్న మనిషి. ఆయన నవల ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’ 1953లో ‘అస్టౌండింగ్’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. మెస్‌క్లిన్ విపరీతమైన వేగంతో గిర్రున తిరిగే పెద్ద గ్రహం. అక్కడ పగలూ రాత్రీ కలిపి 18 నిమిషాలు. ఆ తిరుగుడుకు గ్రహం నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగిపోయింది. భూమధ్యరేఖ లాంటి చోట గురుత్వం మన భూమి మీదకన్నా 3 రెట్లు. ధ్రువాల దగ్గర దాదాపు 700 రెట్లు. సముద్రాలు మీథేన్‌వి.

ఇంతవరకు లెక్కల మాస్టారు ఎవరైనా చేయగల పని. క్లెమెంట్ గొప్పతనం ఆ తర్వాత ఉంది. అక్కడి జీవులు మూరకు కాస్త తక్కువ పొడవుతో, బోలెడు కాళ్లతో నేలకు కరుచుకుని పాకుతాయి. ధ్రువాల దగ్గర పుట్టిన ప్రాణికి నాలుగు వేళ్ల ఎత్తు నుంచి పడినా చావే. కాబట్టి వాటికి ఎత్తు అంటే ఒళ్లంతా వణుకు. ఎగరడం, దూకడం అన్న ఊహే లేదు. వస్తువును విసరడమంటే ఏమిటో తెలియదు, విసిరినది కంటికి కనబడకుండా నేలకు కొట్టుకుంటుంది కాబట్టి. తలమీద ఏదైనా బరువు ఉందంటే ప్రాణం నిలవదు, అందుకని ఇళ్లకు గట్టి కప్పులు ఉండవు. బార్లెనన్ అనే ఓడ కెప్టెన్ సరుకుల బేరానికి గ్రహం నడిమి ప్రాంతానికి వచ్చి, అక్కడ బరువు తక్కువని తెలిసి కూడా ఆ భయాన్ని వదిలించుకోలేకపోతాడు. ఒక భూలోక మానవుడు అతన్ని ఎత్తి తన బండి మీద పెట్టినప్పుడు ఆ చిన్న ప్రాణి పడే బెదురు చదువుతుంటే నాకూ కాళ్లు వణికాయి. మనకు అది నాలుగడుగుల ఎత్తు. అతనికి పాతాళం అంచు.

మెస్‌క్లిన్‌కు ఆధారమైన ఖగోళ సమాచారం తర్వాత చెల్లలేదు. 61 సిగ్ని నక్షత్రానికి కంటికి కనబడని భారీ తోడు ఒకటి ఉందని 1940ల్లో ప్రకటించారు. క్లెమెంట్ దాన్నే తీసుకుని గ్రహం చేశారు. తర్వాతి పరిశీలనల్లో అలాంటిదేదీ లేదని తేలింది. గ్రహం పోయింది, నవల పోలేదు. బార్లెనన్ భయం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ గురించి సినిమాల పుణ్యమా అని చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1957లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో, ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గర, కదిలే ఇసుకదిబ్బల్ని గడ్డి నాటి నిలబెట్టే ప్రభుత్వ పథకం మీద వ్యాసం రాద్దామని వెళ్లారాయన. ఆ వ్యాసం అనుకున్నట్టు రాలేదు. ఆ ఇసుక మీద పుట్టిన ఆసక్తి నవల అయింది. ఇరవై మంది పైగా ప్రచురణకర్తలు వద్దన్నాక, కార్ల రిపేరు పుస్తకాలు వేసే చిల్టన్ సంస్థ 1965లో దాన్ని అచ్చువేసింది. అందులో నీటికి కటకటలాడే ఎడారివాసుల నాయకుడు కొత్త పాలకుడి ఎదుటికి వచ్చి బల్ల మీద ఉమ్ముతాడు. కాపలావాళ్లు కత్తుల మీదికి చేతులు పోనిస్తారు. అతడు తన ఒంటి తేమను కానుకగా ఇచ్చాడని తెలిసినవాడొకడు వాళ్లను ఆపుతాడు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అనంతపురం జిల్లా నుంచి ఇలాంటి నవల ఒకటి రావాలని నాకు ఎంతో ఆశ. ‘కల్కి’లో కూడా నన్ను పట్టుకున్నది కాశీకీ, దాని పైన ఉన్నవాళ్ల కోసం కట్టిన కాంప్లెక్స్‌కూ మధ్య ఉన్న గుమ్మమే. పది లక్షల యూనిట్లు ఉంటే తప్ప లోపలికి రానివ్వరన్న ఒక్క షరతు, కింద ఉన్న జనం మొత్తాన్ని నాకు అర్థమయ్యేలా చేసింది.

నా బల్ల మీద ఉన్న నవల గురించి కూడా కాస్త చెప్పాలి. అందులో ఒకరి నిద్రను ఇంకొకరికి ఇవ్వొచ్చు. అరచేతిలో అరచేయి ఆనించి, ఇచ్చేవాళ్లు ఒప్పుకుంటేనే. మొదట నా దగ్గర ఉన్నది అంతే. ఉన్నవాడు నిద్ర కొంటాడు, లేనివాడు అమ్ముతాడు అన్నంతవరకు ఎవరికైనా తడుతుంది. అక్కడితో ఆగితే అది నీతికథ. కదలాలంటే కుదరని పనులు తేల్చుకోవాలి. రెండు తేల్చాను. నిద్రను దాచిపెట్టడం కుదరదు, పుచ్చుకున్నవాడు ఆ రాత్రే పడుకోవాలి. కలల్ని వడపోయడం కుదరదు, నిద్రతోపాటు ఇచ్చినవాళ్ల కలలూ వచ్చేస్తాయి.

ఇక ఊరంతా తనంతట తానే లేచి నిలబడసాగింది. దాచడం కుదరదు కాబట్టి నిద్ర అమ్మేవాళ్లు కొనేవాళ్లకు దగ్గర్లోనే ఉండాలి. ప్రతి మేడ వెనకా ఇరుకు గదుల వరుస వచ్చింది. కలలు కూడా వస్తాయి కాబట్టి దళారి బేరానికి ముందు అమ్మేవాళ్ల బాల్యం గురించి అడుగుతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి నిద్రకు ధర పలకదు. ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు అరచేయి తెరవడం అక్కడ అసభ్యం, జనం పిడికిళ్లు మూసుకుని పలకరించుకుంటారు. పెళ్లిలో పెద్దలు వధూవరులను మీ నిద్ర మీకే దక్కాలని దీవిస్తారు. ఒక షావుకారు, బాకీపడ్డ రైతు దగ్గర వడ్డీ కింద ఆ రాత్రి నిద్ర రాయించుకుంటాడు. పడుకున్నాక కలలో గుమ్మం ముందు నిలబడి అప్పు అడుగుతున్న మనిషి కనబడతాడు. దగ్గరికి వస్తే అది తన మొహమే. ఈ ఘట్టాన్ని నేను పథకం వేసి రాయలేదు. కలల్ని వడపోయడం కుదరదన్న షరతు పెట్టుకున్నందుకు అది నాకు దొరికింది. ఆ షరతు లేకపోతే ఆ షావుకారు హాయిగా నిద్రపోయేవాడు, నాకు కథ లేకపోయేది.

లోకాలు కట్టే ఈ పనినే తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ రచయిత ఎం. జాన్ హారిసన్ వాళ్లలో ముఖ్యుడు. ఆయన విరికోనియం కథల్లో నగరం ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ మారిపోతుంది, కావాలనే పొంతన లేకుండా రాశారు. ప్రతి మూలా కొలిచి పెడితే పాఠకుడి ఊహకు పని ఉండదన్న ఆయన పట్టుదలలో నిజముంది. నా వరకు నేను సగం ఒప్పుకుంటాను. కొలతలు రచయిత నోటుపుస్తకంలో ఉండాలి, పేజీ మీద వాటి ఫలితం కనబడితే చాలు. వంశవృక్షాన్ని మొదటి అధ్యాయంలో వేయకండని నేను కుర్రవాళ్లకు చెప్పేది అందుకే. ముత్తాత పేరు అక్కర్లేదు. ముత్తాత ఇచ్చిన మాట వల్ల ఇవాళ ఈ పిల్ల ఏ గడప దాటలేకపోతోందో చెప్పండి, నేను చదువుతాను.

క్లెమెంట్ దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. తన గ్రహం లెక్కలన్నింటినీ ఆయన అదే 1953లో, అదే పత్రికలో, ఒక వ్యాసంగా బయటపెట్టేశారు. సైన్స్ ఫిక్షన్ రచయితకూ పాఠకుడికీ మధ్య ఒక ఆట అని ఆయన నమ్మకం. రచయిత తప్పు లేకుండా రాయాలి, పాఠకుడు తప్పు పట్టాలి. పాఠకులు నిజంగానే పట్టారు. ఎం.ఐ.టి. సైన్స్ ఫిక్షన్ సొసైటీ సభ్యులు మెస్‌క్లిన్ ఆకారాన్ని మళ్లీ గుణించి, నడిమి అంచు ఆయన ఊహించినదానికన్నా పదునుగా ఉంటుందని తేల్చారు. ధ్రువాల దగ్గర గురుత్వం 700 రెట్లు కాదు, 300 రెట్లకు లోపేనని ఆయనే తర్వాత సవరించుకున్నారు. అంత ప్రేమగా చదివే పాఠకులు ఉన్నారు కాబట్టే ఆ సాహిత్యం అంత గట్టిపడింది.

తెలుగులో ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రాస్తున్నవాళ్లకు ఇప్పుడు మెచ్చుకోళ్ల కన్నా అలాంటి పాఠకుల అవసరం ఎక్కువ. ఈసారి మీరు చదివే నవలలో మొన్న కుదరని పని ఇవాళ కుదిరిపోతే, పేజీ అంకె వేసి రచయితకు ఉత్తరం రాయండి.